మూడో నంబరు షెడ్డు భాష

అంకెలమ్మ అసలు పేరు ఆఫీసులో హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. రాష్ట్ర జనాభా లెక్కల కార్యాలయం రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల ఆమెది. ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన ఫారాలు కట్టలు కట్టలుగా ఆ బల్ల మీదికి వచ్చి పడతాయి. వాటిలో మూడు ప్రశ్నలు ఆమె వంతు. ఎక్కడ పుట్టారు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? పూర్వీకులు ఎక్కడివాళ్లు? జవాబు చదివి, పక్క గడిలో ఎర్ర సిరాతో మూడంకెల నంబరు వేయాలి. నంబర్ల పుస్తకాలు మూడున్నాయి గానీ ఆమె వాటిని తెరిచి ఏళ్లయింది. తొమ్మిదేళ్లుగా అదే పని కదా, అన్నీ నోటికి వచ్చేశాయి. బస్సులో పక్కసీటు ఆవిడ ఫోనులో మాట్లాడుతుంటే "రెండువందల పదిహేడు" అని మనసులో అనుకుని కళ్లు మూసుకునేది.

అలాంటి అంకెలమ్మ ఆ మంగళవారం పొద్దున కలం పట్టుకుని పావుగంట కదలకుండా కూర్చుంది.

ఫారం శుభ్రంగా ఉంది. మూతబడిన బట్టల మిల్లు క్వార్టర్స్‌లో పదకొండో నంబరు ఇల్లు. మొత్తం ఆరుగురు. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన, మరమగ్గాల మీద పనిచేసిన ఆయన భార్య, బస్సు డ్రైవరు కొడుకు, అదే బస్సులో కండక్టరు కోడలు, ఇద్దరు మనవరాళ్లు. పెద్దాయన పుట్టింది సముద్రపు ఒడ్డు రాష్ట్రంలో, పెద్దావిడ కొండల అవతలి రాష్ట్రంలో, కోడలు మూడో రాష్ట్రంలో. అక్కడిదాకా అంకెలమ్మకు నల్లేరు మీద నడకే. ఇంట్లో మాట్లాడే భాష దగ్గర, ఆరుగురికీ ఒకటే మాట: "చేతులు." కొడుకు పూర్వీకుల మూలం దగ్గర: "మూడో నంబరు షెడ్డు."

ఆమె ఫారం పట్టుకుని సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ఆయన్ని చాటుగా అందరూ రూళ్లకర్ర సారు అంటారు. మనిషీ అలాగే ఉంటాడు, మాటా అలాగే ఉంటుంది.

"వేళాకోళం ఫారం. తొమ్మిదివందల తొంభైతొమ్మిది వేసి పక్కన పడేయండి" అన్నాడు చూసీ చూడగానే.

"వేళాకోళమైతే ఇంత పద్ధతిగా రాయరు సార్. కొట్టివేతలు కూడా లేవు. పుట్టిన తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి."

"అయితే ఇతరములు వరుసలో వేయండి. వందమంది కన్నా తక్కువున్న ఏ భాషకైనా మన పట్టికలో వేరే వరుస ఉండదు. ఆరుగురు మాట్లాడేది భాషెలా అవుతుందమ్మా? గొడవవుతుంది గానీ."

"భాషో కాదో ఒకసారి వెళ్లి చూసొస్తాను సార్. అనుమానమొస్తే ఇంటికెళ్లి కనుక్కోవచ్చని రూల్లోనే ఉంది. పద్నాలుగో పేజీ."

రూలు అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. "శుక్రవారం సాయంత్రం అయిదింటికి పట్టికలు మూసేస్తాం. ఆ తర్వాత దేవుడొచ్చి చెప్పినా తెరవను" అన్నాడు.

తొమ్మిదేళ్లలో అంకెలమ్మ ఒక్క ఫారం వెనకాల మనిషినీ చూసి ఎరగదు. బస్సు దిగి క్వార్టర్స్ దారి పట్టింది. పొడవాటి వీధి. అటూ ఇటూ ఎదురెదురుగా రెండేసి అంతస్తుల ఇళ్లు, ప్రతి పైభాగానికీ ఇనప కటకటాల వరండా. వీధి చివర మిల్లు గోడ, దాని మీద పచ్చిక. ఆమెకు మొదట తట్టిందేమిటంటే, వీధి నిండా జనం ఉన్నారు గానీ చప్పుడు లేదు. పై వరండాలో బట్టలారేస్తున్న ఒకావిడ ఎదుటింటివైపు చూసి రెండు వేళ్లు ముక్కు కింద ఇటూ అటూ లాగింది. ఎదుటింటావిడ చప్పున లోపలికెళ్లింది. ఆ పక్కింటి అరుగు మీద పత్రిక చదువుతున్న ముసలాయన కూడా అదే సైగ అందుకుని ఇంకెవరికో చేశాడు. అంకెలమ్మ పదకొండో నంబరు గుమ్మం ఎక్కేసరికి తలుపు తీసే ఉంది. కండక్టరు కోడలు మంచినీళ్ల గ్లాసుతో ఎదురొచ్చింది. డ్యూటీకి ఇంకా గంట టైముందేమో, ఖాకీ చొక్కా వేసుకుని తల సగం దువ్వుకుని ఉంది.

"నేనొస్తున్నట్టు మీకెలా తెలుసండీ?"

"వీధి మొదట్లోనే కబురొచ్చేసింది."

"ఇలా మీసం దువ్వినట్టు చేశారు, అదా? ఏమిటి దానర్థం?"

కోడలు సిగ్గుపడింది. "అంటే... సూపర్‌వైజరొస్తున్నాడు, జాగ్రత్త అని. మిల్లులో అలా అనేవాళ్లట. ఇప్పుడు చేతిలో ఫైలుతో ఎవరొచ్చినా అదే. ఏమీ అనుకోకండి."

"నాకు మీసాల్లేవు కదా" అంది అంకెలమ్మ, నవ్వాపుకుంటూ.

లోపల ఫిట్టరు పెద్దాయన బల్ల మీద ఫ్యాను విప్పి పరిచి కూర్చున్నాడు. పెద్దావిడ కిటికీ దగ్గర చిరిగిన దుప్పటి కుడుతోంది. ఇద్దరికీ చెవులు సరిగా వినపడవు. ముప్ఫై ఏళ్లు మగ్గాల మధ్య బతికినవాళ్లకు చెవులు మిగలడం కష్టం. కోడలు మామగారి భుజం తట్టి చేతులు గబగబా ఆడించింది. పెద్దాయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి ఆడించాడు. పెద్దావిడ సూది దుప్పటికి గుచ్చేసి తానూ అందుకుంది. ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టేసరికి అంకెలమ్మకు ఎవరివైపు చూడాలో తెలియలేదు.

"ఏమంటున్నారండీ?"

"ఫారంలో తప్పు రాశానా అని నన్ను తిడుతున్నారు. నేనేం తప్పు రాయలేదని నేను. కూర్చోబెట్టకుండా నిలబెట్టి మాట్లాడతావేమిటని అత్తయ్య."

అంకెలమ్మ కూర్చుంది. పెద్దావిడ నోరు విప్పింది. వినపడనివాళ్ల మాటలా కొంచెం గట్టిగా, ముద్దముద్దగా ఉంది గానీ అర్థమవుతోంది.

"చూడు తల్లీ. ఈయనది సముద్రం మాట. నాది కొండల మాట. ఈ ఊళ్లో మీరంతా మాట్లాడేది ఇంకోటి. నేను మిల్లులో చేరేనాటికి పద్దెనిమిదేళ్లు. మూడో నంబరు షెడ్డులో నూటఅరవై మగ్గాలు. అవి నడుస్తుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. ఎవరి భాష ఏదైతేనేం? అందరికీ చేతులే. పోగు తెగింది, ఇలా. నూలు కండె అయిపోయింది, ఇలా. ఆకలేస్తోంది, ఇలా. ఫలానావాడు తాగొచ్చాడు, ఇదిగో ఇలా. నాలుగు నెలల్లో నాకు మొత్తం వచ్చేసింది."

"మరి ఈయన?"

"ఈయన ఫిట్టరు. మగ్గం ఆగితే చెయ్యెత్తాలి, వచ్చి బాగుచేస్తాడు." ఆవిడ ముఖం విప్పారింది. "ఆ ఏడాది నా మగ్గం ఆగినన్నిసార్లు మిల్లు చరిత్రలో ఏ మగ్గమూ ఆగలేదు."

కోడలు ఆ మాటను చేతుల్లోకి మార్చి చూపించగానే పెద్దాయన చటుక్కున అడ్డొచ్చాడు. ఆయన చేతులు చాలాసేపు ఆడాయి. కోడలు పకపకా నవ్వుతూ చెప్పింది: "మొదటి వారంలోనే ఆయనకు తెలిసిపోయిందట, మగ్గానికి ఏ జబ్బూ లేదని. తెలిసి కూడా ప్రతిసారీ అరగంట బాగుచేసేవాడట."

"పెళ్లెలా కుదిరింది మరి?"

"షెడ్డులోనే అడిగాడు" అంది పెద్దావిడ. "అటు చివర నుంచి ఇటు చివరికి. షెడ్డంతా చూసింది. ఈ భాషలో రహస్యం చెప్పడం కుదరదు తల్లీ, అదొక్కటే లోటు. నేను ఒప్పుకున్నానని నాకన్నా ముందు ఎనిమిదో మగ్గం దానికి తెలిసింది. పెళ్లయి నలభైరెండేళ్లు. ఆయన భాష నాకు అరవై మాటలొచ్చు. అందులో నలభై తిట్లే. నా భాష ఆయనకు అవి కూడా రావు. మేం పోట్లాడుకున్నా దీంట్లోనే, పిల్లాణ్ని పెంచినా దీంట్లోనే. నీ ఫారంలో ఇంట్లో ఏ భాష అని అడిగారు. ఇంకేం రాయమంటావు?"

అంకెలమ్మ కోడలివైపు తిరిగింది. "మీ కోడలుగారికెలా వచ్చింది?" అంది.

"ఏడాది పట్టింది" అంది కోడలు. "మొదట్లో వీళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారని ఏడ్చేదాన్ని. వచ్చాక చూస్తే నిజంగా నా గురించే. అయితే మంచిగానే. ఇప్పుడు బస్సులో ఆయన ముందు, నేను వెనక. అద్దంలో చూసి మాట్లాడుకుంటాం. నా గొంతు అరిగిపోకుండా మిగిలిందంటే ఇదే కారణం."

"ఈ వీధిలో మిగతావాళ్లు కూడా...?"

"అందరూ. మా వీధి పూర్వీకులు ఆరేడు రాష్ట్రాలవాళ్లు. ఇంకెలా మాట్లాడుకుంటారు?"

"మరి వాళ్ల ఫారాల్లో ఇలా రాయలేదే!"

"రాసుకోడానికి వచ్చినాయన భాష అంటే నోటిదే అనుకున్నాడు. వాళ్లూ అలాగే చెప్పారు. నేనొక్కదాన్నే ఫారం లాక్కుని నా చేత్తో రాశాను."

అంకెలమ్మ కాసేపు ఆలోచించింది. ఎవరినీ ఫలానా జవాబు రాయమని చెప్పకూడదు, రాయొద్దని కూడా చెప్పకూడదు. అది ఆమె ఉద్యోగ ధర్మం. "నేనేమీ సలహా ఇవ్వడం లేదండీ" అంది చివరికి, ఆచితూచి. "కాకపోతే సవరణ పత్రం అనేదొకటుంది. ఇంటిపెద్ద స్వయంగా మా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. శుక్రవారం అయిదింటివరకే. ఈ ముక్క ఎవరడిగినా చెబుతాను, మీరడగకపోయినా చెప్పాను, అంతే."

కోడలు వరండాలోకెళ్లి, వీధివైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడయినా ఎవరూ రాలేదు. అంకెలమ్మ పది నిమిషాలకోసారి కిటికీలోంచి తొంగిచూస్తూ, ఒక ఫారంలో పుట్టిన ఊరికి భాష నంబరు వేసి నాలిక్కరుచుకుంది. మూడుంబావుకు రూటు బస్సొకటి ఆఫీసు ముందు స్టాపులో ఆగింది. దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. కర్రలూ, కళ్లజోళ్లూ, ఇస్త్రీ చొక్కాలూ, చేతి సంచులూ. చివర కండక్టరు కోడలు ఒక కాలు మెట్టు మీద పెట్టి పైకి చూసి చెయ్యూపి, రైట్ అని బస్సు రేకు మీద రెండు దెబ్బలు చరిచి, ఎక్కి వెళ్లిపోయింది.

రెండో అంతస్తు హాలు నిండిపోయింది. నలభైఒక్క మంది ఇంటిపెద్దలు, వాళ్లతోపాటు ఊరికే చూడ్డానికొచ్చినవాళ్లు ఇంకో పాతికమంది. ఒకరితో ఒకరు వాదులాడుకుంటున్నారు, ఎగతాళి చేసుకుంటున్నారు, వరస తప్పిన ముసలాయన్ని కోప్పడుతున్నారు. అంతా నిశ్శబ్దంగా. చేతుల గాలికి బల్లల మీద కాగితాలు కదులుతున్నాయి తప్ప చీమ చిటుక్కుమనడం లేదు. రూళ్లకర్ర సారు ఏదో సంతకం కోసం తలుపు తీసి బయటికొచ్చాడు. హాలు ఖాళీగా ఉందనుకున్న మనిషి ఒక్కసారి అరవైమందిని చూసేసరికి తలుపు వదలకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరమ్మా వీళ్లంతా?"

"సవరణ పత్రాలకొచ్చారు సార్. రూల్లో..."

"తెలుసు, తెలుసు. పద్నాలుగో పేజీ." ఆయన ముందున్న పత్రం అందుకున్నాడు. తర్వాతది. ఆ తర్వాతది. ఇల్లుకు ముగ్గురో నలుగురో. ఒకటి రెండు ఇళ్లలో అయిదుగురు. వందెప్పుడో దాటింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లెక్క సరే. కానీ ఇవి సైగలమ్మా. సైగలు నేనూ చేస్తాను. భాషంటే ఏ మాటైనా, ఏ విషయమైనా చెప్పగలగాలి."

ఆ మాట ఎవరో ముందు వరసలోవాళ్లు విన్నారు. అర నిమిషంలో హాలు చివరిదాకా పాకింది. అరవై ముఖాలు ఆయనవైపు తిరిగాయి. ఫిట్టరు పెద్దాయన ముందుకొచ్చి, పరీక్ష పెట్టుకోండి అన్నట్టు రొమ్ము చరుచుకున్నాడు.

రూళ్లకర్ర సారు కాగితం మీద రెండు మూడు వాక్యాలు రాసి పెద్దాయనకు మాత్రం చూపించాడు. పెద్దావిడ హాలు అవతలి చివర గోడకానుకుని నిలబడి ఉంది. పెద్దాయన చదువుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు. నలభై అడుగుల దూరంలో ఉన్న భార్యకు చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి ఆవిడకు నవ్వొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అంకెలమ్మ ఆవిడకు కాగితం, కలం ఇచ్చింది. ఆవిడ వంకర టింకర అక్షరాలతో రాసిందాన్ని తెచ్చి సారు చేతిలో పెట్టింది.

ఆయన బయటికే చదివాడు. "సోమవారం పదకొండు గంటలకు సమావేశం. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మం బయటే నిలబడాలి. కారణం చెప్పినా వినబడదు." అక్కడ ఆగాడు. కింద ఇంకో వాక్యముంది. "ఈ రాసిన మనిషి ఇంట్లో కూడా ఇలాగే ఉంటాడేమో, పాపం వాళ్లావిడ."

హాల్లో ఈసారి నిజంగానే చప్పుడయింది. గుమాస్తాలు కూడా పగలబడి నవ్వారు. రూళ్లకర్ర సారు మెడ దాకా ఎర్రబడ్డాడు. "చివరి వాక్యం నేను రాయలేదు" అన్నాడు.

"అది మా ఆయన సొంతం" అంది పెద్దావిడ గట్టిగా.

ఆయన కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నాడు. ఆ పెదవుల మీద మొదటిసారిగా ఏదో కదిలింది. "ఉన్నదున్నట్టు చెప్పడమే కాక, నా మీద వ్యాఖ్యానం కూడా చేశారంటే..." అని నిట్టూర్చి, "భాషే. తీసుకోండమ్మా పత్రాలు" అన్నాడు.

తర్వాత పేరు దగ్గర కాసేపు రభస జరిగింది. చేతిమాట అనాలని కొందరు, మిల్లుభాష అనాలని కొందరు. రెండో నంబరు షెడ్డులో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్లయితే మూడో నంబరు అనే మాట ఉంటే సంతకమే పెట్టమని చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ భాషలో చేతులు కట్టుకోవడమంటే మాట్లాడ్డం మానేయడమే. చివరికి షెడ్డు భాష అని కుదిరింది, నంబరు లేకుండా. పూర్వీకుల మూలం సంగతిలో మాత్రం సారు చలించలేదు. షెడ్డు పూర్వీకుడు కాజాలదన్నాడు. కొడుక్కి తండ్రి రాష్ట్రం ఒక గడిలో, తల్లి రాష్ట్రం ఇంకో గడిలో పడ్డాయి. "మేమిద్దరం కలిసింది ఆ షెడ్డులోనే కదా, వాడు అక్కణ్నుంచి కాక ఇంకెక్కణ్నుంచి వచ్చాడు?" అని పెద్దాయన మెట్లు దిగేదాకా చేతులతో గొణుక్కుంటూనే ఉన్నాడు.

నాలుగున్నరకు వరస తగ్గాక అంకెలమ్మ కట్టల్లోంచి తన ఇంటి ఫారం వెతికి తీసింది. ఆ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఫారం రాసుకోడానికి వచ్చినప్పుడు ఆమె ఆఫీసులో ఉంది. భర్త జవాబులు చెప్పాడు. ముగ్గురికీ ఆయన భాషే రాయించాడు. కావాలని కాదు, తట్టక. కూతురి జడ వేసేటప్పుడు ఆమె నోట్లోంచి వచ్చేది వాళ్లమ్మ భాష. ఆ పిల్ల కలవరించేదీ ఆ భాషలోనే. ఆమె భర్తకు ఫోను చేసింది.

"మన ఫారంలో చిన్న తప్పుంది. మీరొచ్చి సంతకం పెట్టాలి. అయిదింటిలోపు."

"ఏం తప్పు?"

"నేనూ అమ్మాయీ మాట్లాడుకునే భాష అందులో లేదు."

"అయ్యో, నిజమే సుమా! మీరిద్దరూ నన్ను తిట్టేది కూడా దాంట్లోనేగా" అన్నాడు. నాలుగూయాభైకి రొప్పుతూ మెట్లెక్కి వచ్చి వరసలో ఆఖరివాడిగా నిలబడ్డాడు.

నాలుగు నెలలకు పట్టిక అచ్చయి వచ్చింది. రాష్ట్రంలో ఇళ్లలో మాట్లాడే భాషలు, మొత్తం అరవైఎనిమిది వరుసలు. అట్టడుగు నుంచి రెండోది షెడ్డు భాష, నూటనలభైమూడు మంది. అంకెలమ్మ ఒక ప్రతి సంచిలో పెట్టుకుని ఆదివారం పొద్దున కూతురితో సహా క్వార్టర్స్‌కు బయల్దేరింది. వీధి మొదట్లోనే కబురందింది. అయితే ఈసారి ఎవరూ మీసం దువ్వలేదు. గుండ్రంగా చుట్టిన వేలు నుదుటి మీద పెట్టుకున్నారు. అంకెలకు వాళ్లు వాడే గుర్తు అది. ఆమె పేరు వాళ్లకెలా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు.

పెద్దాయన పట్టికను ముక్కుకు ఆనించుకుని చదివి, వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఒకటి, నాలుగు, మూడు. ఎదుటింటి వరండా అందుకుంది. దాని పక్కిల్లు, దాని ఎదుటిల్లు. అంకె ఇటూ అటూ దాటుకుంటూ మిల్లు గోడదాకా పోవడం అంకెలమ్మ కళ్లతో చూసింది. కాసేపటికి అటు చివర నుంచి ఒక ప్రశ్న అదే దారిలో వెనక్కొచ్చింది.

"ఏమంటున్నారు?" అంది అంకెలమ్మ.

"మన పై వరుసలో ఎవరున్నారు, వాళ్లెంతమంది అని" అంది కండక్టరు కోడలు. "మీరే చెప్పండి. రెండు చేతులూ పైకెత్తి చెప్పండి, కనబడుతుంది."

అంకెలమ్మ పట్టిక చూసుకుంది. రెండువందల పదకొండు. పెద్దావిడ ఆమె వేళ్లు పట్టుకుని ఎలా పెట్టాలో నేర్పింది. అంకెలమ్మ వరండా అంచుకొచ్చి, గొంతు సవరించుకుని (అదెందుకో ఆమెకే తెలీదు), చేతులు పైకెత్తి చెప్పింది. పై వరండాలూ కింది అరుగులూ ఒక్కసారిగా నవ్వులతో ఊగిపోయాయి. కోడలు కడుపు పట్టుకుని గోడకు జారిపడింది.

"ఏమన్నాను? ఏమన్నానండీ?"

"మా పై వరుసవాళ్లకి" అంది పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, "రెండు కండెలయిపోయాయి, ఆకలేస్తోంది అన్నావు."

అప్పటికే ఎదుటింటావిడ ఒక పళ్లెం నిండా ఏదో తినడానికి పెట్టుకుని మెట్లు దిగుతోంది.